ముందు నిలబడేది నేనే

లాక్‌డౌన్ అని దేశమంతటినీ ఇంట్లో కూర్చోబెట్టిన ఆ వేసవిలో నా ఒళ్ళు మాత్రం ఒక్క క్షణం కూర్చోలేదు. కుడిచెయ్యి పొద్దున లేచింది మొదలు వణుకుతూనే ఉండేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికైనా పోవాలనిపించేది. తీరా గడప దాకా వస్తే పాదాలకు మేకులు కొట్టినట్టు అక్కడే ఆగిపోయేవాణ్ణి. కర్నూలు డాక్టరు దీన్ని పార్కిన్సన్స్ అంటారని చెప్పి అప్పటికే కొన్నేళ్ళయింది. పేరు తెలిస్తే మాత్రం జబ్బు తగ్గుతుందా!

"ఏమయ్యా, యాడికి పోతాండావు?" అని నా భార్య వంటింట్లోంచే అరిచేది.

"యాడికీ లేదులే. కాళ్ళు పోనిస్తే కదా."

"కాళ్ళు పోనిచ్చినా పోలీసోళ్ళు పోనీరు. గమ్మున కూర్చో."

మాది ఆత్మకూరు. పరుపులు, దిండ్లు కుట్టి బతికిన ఇల్లు. అంగడి మూతపడింది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీకి లారీ తోలే పెద్దకొడుకు లారీ నిలిపేసి ఇంటికొచ్చేశాడు. చిన్నోడు నాతో పాటు అంగట్లోనే పనిచేసేవాడు, వాడికీ పని లేదు. పెద్దోడి భార్య కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి. రెండు గదుల్లో అందరం ఒకరి కాళ్ళకు ఒకరం అడ్డం పడుతూ ఉన్నాం.

అంతలో రంజాన్ వచ్చింది. మసీదుకు తాళం. ఊరందరిదీ ఒక బాధైతే నాది ఇంకో బాధ. మసీదులో వరుసగా భుజానికి భుజం ఆనించి నిలబడతాం కదా, పక్కవాళ్ళు వంగితే నేనూ వంగేవాణ్ణి, వాళ్ళు లేస్తే వాళ్ళతో పాటే లేచేవాణ్ణి. ఆ వరుసలో నా జబ్బు ఎవరికీ తెలిసేది కాదు. ఒక్కోసారి నాకే తెలిసేది కాదు.

రోజా ఉపవాసాలు కూడా లేవు నాకు. మాత్ర ఏ వేళది ఆ వేళకు పడాల్సిందేనని, ఉపవాసం మాట ఎత్తవద్దని డాక్టరు ఫోన్‌లోనే కసిరాడు. మధ్యాహ్నం ఇంట్లో మిగతావాళ్ళంతా ఉపవాసంతో ఉంటే, నేనూ కోడలూ వంటింటి తలుపు దగ్గరికేసి దొంగల్లా తినేవాళ్ళం.

"తిను మామా. కడుపుతో ఉన్నోళ్ళకీ, జబ్బుతో ఉన్నోళ్ళకీ మాఫీ ఉండాది," అనేది ఆ పిల్ల.

నువ్వు బిడ్డను మోస్తున్నావు తల్లీ, నేనేం మోస్తున్నానని?

అందుకే ఒక్కదానికి మాత్రం పట్టుబట్టాను. ఇంట్లో అందరం కలిసి నమాజు చేద్దామనుకున్నప్పుడు, పెద్దోడు ముందు నిలబడి చేయిస్తాడు, నువ్వు వెనక కుర్చీలో కూర్చుని చేసుకో అంది నా భార్య. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేను బతికుండంగా నా ఇంట్లో వాడు ముందర నిలబడేదేంది? ముందు నిలబడేది నేనే!"

"నీ గొంతు నీకే వినపడదు గదయ్యా."

నిజమే. జబ్బు గొంతును కూడా తినేసింది. దానికి పెద్దోడే ఉపాయం చెప్పాడు. నేను చిన్నగా అల్లాహు అక్బర్ అంటే, వాడు వెనకనుంచి అదే మాట అందరికీ వినబడేట్టు అంటాడు. సరేనన్నాను. నా వెనక కొడుకులిద్దరూ, వాళ్ళ వెనక అత్తాకోడళ్ళు. మొదట్లో బాగానే జరిగింది. కొత్త పెళ్ళికొడుకులా నిక్కి నిలబడేవాణ్ణి.

ఒకరోజు తెలివితక్కువ పని చేశాను. సాయంత్రం మాత్ర వేళకు వేసుకోకుండా దాచిపెట్టాను. అందరూ ఖర్జూరంతో ఉపవాసం విడిచే వేళకు నేనూ మాత్ర నోట్లో వేసుకుంటే, నాదీ ఒక రోజాలాగా ఉంటుందని ఆశ. మసీదు మూసినా మైకులో అజాన్ వినబడింది. ఖర్జూరం, మాత్ర, గంజి అన్నీ కలిపి మింగి, వెంటనే నమాజుకు లేచాం. ఆ రోజుల్లో పాలు దొరకడమే గగనం. దొరికిన కాసిన్ని పాలు సన్నటి మంట మీద పెట్టి వచ్చింది నా భార్య.

చివరి సజ్దాలో నుదురు నేలకు ఆనించాను. ఇక లేచి కూర్చోవాలి. లేవలేకపోయాను. చేతులు నావి కావు, మోకాళ్ళు నావి కావు. మింగిన మాత్ర ఇంకా పని మొదలుపెట్టలేదు. నోట మాట కూడా రాలేదు. నేను అనకపోతే పెద్దోడు ఏమంటాడు?

వెనక ఎవరూ కదల్లేదు. ముందున్నవాడు తల ఎత్తకుండా వెనకవాళ్ళు ఎత్తకూడదు. చిన్నప్పుడు కొడుకులకు చెవి మెలిపెట్టి నేర్పింది నేనే. లేవండ్రా, లేవండ్రా అని లోపల్లోపల అరుస్తున్నాను. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద చుర్రుమన్నాయి. తర్వాత మాడు వాసన. పాలచుక్క ఒలికితే వీధి చివరిదాకా వినబడేలా తిట్టే మనిషి నా భార్య. ఆమె కూడా లేవలేదు. కోడలి ఊపిరి వినబడుతోంది, రొప్పుతోంది. నిండు కడుపు నొక్కుకుపోతున్నా ఆ పిల్ల అట్లాగే ఉంది. యా అల్లా, నన్ను లేపకపోతే పోనీ, ఆ బిడ్డనైనా లేపు అని మొరపెట్టుకున్నాను.

ఎంతసేపటికో తెలియదు, ఒక పక్కకు ఒరిగి, మోచేతి ఊతంతో ఎలాగో లేచి కూర్చున్నాను. గొంతులోంచి గాలి లాంటిదేదో వచ్చింది. దాన్నే అందుకుని పెద్దోడు గట్టిగా అల్లాహు అక్బర్ అన్నాడు. నమాజు ముగించాం.

వెనక్కి తిరిగి కొడుకుల మీద విరుచుకుపడ్డాను. "ఎందుకు లేయలేదురా? నేను చచ్చిపోయింటే?"

"నువ్వు లేయకుండా మేమెట్ల లేస్తాం నాయనా?" అన్నాడు పెద్దోడు, అదేం ప్రశ్న అన్నట్టు.

"చచ్చినావనే అనుకున్నా నేను. అయినా లేయలేదు," అంటూ నా భార్య కొంగుతో ముఖం తుడుచుకుని మాడిన గిన్నె దగ్గరికి పోయింది.

కోడలు గోడ పట్టుకుని లేస్తోంది. నుదుటి మీద చాప అచ్చు ఎర్రగా పడింది. నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏంగాలేదు మామా," అంది, నేను అడక్కముందే. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మరుసటి సాయంత్రం మాత్ర వేళకే వేసుకున్నాను. ఒళ్ళు బాగానే ఉంది. ఆ పూటకు నిలబడగలననే నమ్మకం కూడా ఉంది. అయినా ముందు పరిచి ఉన్న నా చాపను నేనే లాగి, చిన్నోడి పక్కన వేసుకున్నాను.

"నువ్వు పోరా ముందుకు," అన్నాను పెద్దోడితో.

వాడు నా నోటి దగ్గరికి చెవి తెచ్చాడు. "ఏమంటాండావు నాయనా? వినపడలే."

ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని ఇంకోసారి చెప్పాను. ఆ ఒక్క మాట రెండుసార్లు చెప్పాల్సి రావడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.