ఎవరు వెలిగిస్తే వాళ్లదే

మాక్సీన్ బ్లాంచర్డ్‌కి సిగరెట్టు మానడం ఇష్టం లేదు. అలాగని కాల్చడం ఇష్టమనీ చెప్పలేను. ఫలానాది నాకిష్టం అని ఆమె నోటి వెంట విని చాలా ఏళ్లయింది. మావి గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. ఆమె దగ్గితే నా వంటింట్లో కప్పులు కదులుతాయి, కాబట్టి ఈ మాట ఊరికే అనడం లేదు.

ఇంగ్లండు రేవు పట్టణం గ్రిమ్స్‌బీలో మా వీధి ఆడవాళ్లందరిలాగే ఆమె, నేనూ చేపల ఫ్యాక్టరీలో పనిచేశాం. హాడక్ చేప ముక్కలకు రొట్టెపొడి అద్ది అట్టపెట్టెల్లో పేర్చడం మా పని. ఆ చల్లదనానికి వేళ్లు కొయ్యబారిపోయేవి. విరామం గంట కొట్టగానే అందరం వెనక రేకు షెడ్డు కిందికి పరుగు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది, ఇప్పటికీ ఉంది. ఎవరైనా సిగరెట్టు వెలిగిస్తే పక్కనున్నవాళ్లు "సగం నాది" అంటారు. అన్నాక ఇక తిరుగులేదు, సగం కాలాక ఇచ్చేయాల్సిందే. ఇవ్వనివాళ్లతో ఆ వారమంతా ఎవరూ మాట్లాడరు. ఎవరు వెలిగిస్తే సిగరెట్టు వాళ్లది, వాళ్లు కాల్చినట్టు. మిగిలిన సగం పుచ్చుకున్నవాళ్లు కాల్చినట్టు కాదు. "ఈరోజు ఒక్కటి కూడా కాల్చలేదు తెలుసా" అని గొప్పలు పోతూ అందరి సగాలూ పీల్చేసినవాళ్లను నేను బోలెడుమందిని చూశాను. అది అబద్ధమని మాలో ఎవరికీ తోచలేదు.

మాక్సీన్ మొగుడు క్లిఫ్ బస్సు నడిపేవాడు. మంచివాడే, కానీ మాట పెగలదు. వాళ్లకు ఒక్కడే కొడుకు స్టూ. ఇరవై రెండేళ్లకు లౌత్ వెళ్లే రోడ్డు మలుపులో మోటారు సైకిలు బోల్తాపడి పోయాడు. అంత్యక్రియల రోజున మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చినవాళ్లందరికీ టీ పోసి, కప్పులు కడిగి, తలుపు వేసుకున్నారు. ఆ తర్వాత వాడి పేరు ఆ ఇంట్లో వినబడలేదు. ఏడుపూ వినబడలేదు, దెబ్బలాటా వినబడలేదు. దెబ్బలాడుకున్నా బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆ ఇంట్లో మిగిలింది ఒకటే. సాయంత్రం తిండి అయ్యాక ఇద్దరూ పెరటి గుమ్మంలోకి వస్తారు. క్లిఫ్ వెలిగించి సగం కాల్చి, ఆమె వైపు చూడకుండానే చెయ్యి చాపుతాడు. ఆమె అందుకుంటుంది. రేపు నీలం చెత్తడబ్బా బయట పెట్టాలనో, చూరు గొట్టం కారుతోందనో ఒక మాట. సిగరెట్టు అయిపోతుంది, లోపలికి వెళ్లిపోతారు. వాళ్ల కాపురమంతా అదే.

అలా ఉండగా మాక్సీన్ కాలు చెడింది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది. కాలి వేళ్లు నీలంగా మారాయి. తొడలో రక్తనాళం పూడుకుపోయిందనీ, ఆపరేషన్ చేసి రక్తానికి పక్కనుంచి దారి వెయ్యాలనీ ఆస్పత్రిలో చెప్పారు. సిగరెట్టు మానితేనే చేస్తామన్నారు. మానకపోతే వేసిన దారీ పూడుతుంది, అప్పుడు మోకాలి దగ్గర కాలు తీసెయ్యడమే. ఆమె సరేనంది. బస్సు ఆలస్యమని చెప్పినా అలాగే సరేనంటుంది.

లైబ్రరీ పైన కౌన్సిల్ వాళ్లు సిగరెట్టు మాన్పించే గది ఒకటి నడుపుతున్నారు. కారు నాది కాబట్టి తీసుకెళ్లింది నేనే. అక్కడ హేలీ అని చిన్న నర్సు. వేప్ అని, బ్యాటరీతో ఆవిరి వచ్చే గొట్టం కొత్తది ఒకటి ఉచితంగా చేతిలో పెట్టి, ఎలా పీల్చాలో చూపించింది. పిప్పరమెంటు రుచి. నికోటిన్ అందుతుంది, పొగ ఉండదు, సిగరెట్టు మీద మనసు పోకుండా ఇది పట్టి ఉంచుతుంది అంది. ఎలా ఉందే అని దారిలో అడిగితే, పళ్లు తోముకుంటున్నట్టుంది అంది మాక్సీన్. అయినా బుద్ధిగా అదే పీల్చింది. తన సిగరెట్లన్నీ తెచ్చి నాకిచ్చేసింది. తీసుకున్నాను, పారెయ్యడానికి చేతులు రాలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు హేలీ ఒక గొట్టంలోకి ఊదమంది. ఊపిరిలో పొగ తాలూకు విషం ఉంటే ఎర్ర దీపం, లేకపోతే పచ్చ దీపం. ఎర్రది వెలిగింది.

"ఏమైనా కాల్చారా, మాక్సీన్?"

"ఒక్కటి కూడా లేదమ్మా."

ఆ మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు. హేలీ నమ్మింది. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ చెడినా ఇలాగే చూపిస్తుందని భయపడి, ఆ రోజే మనిషిని పంపించింది. అతను బాయిలరంతా విప్పి చూసి, నా బాయిలర్ కూడా చూసి, రెండూ భేషుగ్గా ఉన్నాయని టీ తాగి పోయాడు. తర్వాతి వారం మళ్లీ ఎర్రదే. ఆపరేషన్ వెనక్కి జరిగింది. కాలి చిటికెన వేలు నల్లబడడం మొదలుపెట్టింది.

ఇంటికొస్తుంటే నాకు తట్టింది. కారు పక్కకు ఆపేశాను.

"ఏమే, రాత్రిపూట క్లిఫ్ దగ్గర తీసుకుంటున్నావా?"

"సగమేగా. అది క్లిఫ్‌ది."

ఏం చెప్పమంటారు? నాకూ ఒక్క క్షణం అది సబబుగానే తోచింది. వెలిగించింది ఆమె కాదు కదా. తర్వాత ఆ నల్లవేలు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. ఆ గొట్టానికి నీదీ క్లిఫ్‌దీ అని తెలుస్తుందా, మొద్దుముఖమా అని అరిచాను. ఆ సగం మానకపోతే కాలు తీసేస్తారన్నాను.

"తెలుసు పోలీన్."

"తెలిసీ?"

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. గొంతులో బాధ కూడా లేదు.

"అది మానేస్తే ఆయనా నేనూ ఒకచోట నిలబడడానికి కారణం లేదు. కాలు పోతే కర్రలిస్తారు."

ఇంకొకరైతే ఆ మాటకు ఏడ్చేవారు. ఆమె మాత్రం, రొట్టె కొనాలి, దారిలో కొట్టు దగ్గర ఆపు అంది.

ఆ సాయంత్రమే క్లిఫ్‌ని వీధిలో నిలేశాను. ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు కల్పించి చెబితే దెబ్బ గట్టిగా తగిలేదేమో గానీ నాకు అది చాతకాదు. అతను టోపీ సర్దుకుని, వాన వచ్చేలా ఉందన్నాడు. తిట్టుకుంటూ ఇంట్లోకొచ్చాను.

మర్నాడు లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద క్లిఫ్ ఉన్నాడట. హేలీయే చెప్పింది. నాకూ ఒకటివ్వండి అన్నాడట. ఏ రుచి కావాలంటే, ఆమెకిచ్చిందే అన్నాడట.

ఆ తర్వాత పచ్చ దీపం వెలిగింది. ఆపరేషన్ అయింది. చిటికెన వేలు పోయింది గానీ కాలు నిలిచింది. పాదం పట్టుకుని చూస్తే వెచ్చగా తగిలింది. నాకు ఏడుపొచ్చింది. మాక్సీన్ మాత్రం, నీ చేతులు చల్లగా ఉన్నాయి తియ్యి అంది.

అయితే ఆమె భయపడిందే జరిగింది. సిగరెట్టు అయితే ఒకరు ఇవ్వాలి, ఒకరు పుచ్చుకోవాలి, అయ్యేదాకా ఇద్దరూ నిలబడాలి. ఎవరి వేప్ వాళ్ల జేబులో ఉంటే ఎవరి కోసం ఎవరు నిలబడతారు? మొదట్లో ఇద్దరూ గుమ్మంలోకి వచ్చి రెండేసి దమ్ములు లాగి లోపలికి పోయేవారు. తర్వాత అతను ముందు గదిలో టీవీ దగ్గరే, ఆమె వంటింట్లోనే. ఆ శీతాకాలమంతా నా గోడకు రెండు చోట్ల నుంచి రెండు నిశ్శబ్దాలు. కాలు దక్కించాను కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అంత సంతోషమేమీ వెయ్యలేదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్నాను. పిప్పరమెంటు వాసన వచ్చింది. గోడ అవతల ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. ఎలా కలిశారో నాకు తెలియదు. ఎండ బాగుందని కావచ్చు. రెండు దమ్ములయ్యాయి. వెళ్లిపోతారనుకున్నాను, వెళ్లలేదు. అయిపోయిందని చెప్పడానికి చేతిలో ఆరిపోయేదేమీ లేదు. ఎవరు ముందు కదలాలో ఇద్దరికీ తెలియనట్టుంది. నేనూ బట్టల క్లిప్పులు నోట్లో పెట్టుకుని కదలకుండా ఉండిపోయాను.

చాలాసేపటికి క్లిఫ్ గొంతు.

"వాడి హెల్మెట్ పారేశావా?"

"లేదు. మెట్ల కింద ఉంది."

"పారేశావనుకున్నా."

"నువ్వడగలేదు."

 తర్వాత అతనన్నాడు, "ఒకసారి చూడనా?"

నేను బట్టల బుట్ట తీసుకుని లోపలికొచ్చేశాను. వాళ్ల మెట్ల కింది అలమర మా నడిగోడకే ఆనుకుని ఉంటుంది. దాని తలుపు బిగుసుకుపోయి ఉన్నట్టుంది, ఇద్దరూ కలిసి లాగారు. గోడ అదిరింది. తర్వాత మాక్సీన్ ఏడవడం విన్నాను.