వాగుడుకాయ గుండీలు

నీటి సరఫరా కార్యాలయంలో ఆమెను అందరూ వాగుడుకాయ అనేవారు. ఏ ట్యాంకు నిండితే ఏ మోటారు ఆగాలో కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసిపెట్టడం ఆమె పని. రాస్తున్నంతసేపూ నోరు ఆడుతూనే ఉండేది. నలభై ఏడో ఏట పక్షవాతం వచ్చింది. చెయ్యి కోలుకుంది, మాట కోలుకోలేదు. మిగిలింది ఒక్కటే: "అదే." దాహమేసినా అదే, కోపమొచ్చినా అదే. రాయబోతే అక్షరాలూ అందేవి కావు.

"మాట పోయింది గానీ పోట్లాట ఎక్కడికీ పోలేదు," అనేవాడు దర్జీ భర్త.

నాలుగో నెలలో ఆమె అతని బల్ల మీద పాత ప్రోగ్రాం కాగితం పరిచి, గుండీల డబ్బా బోర్లించింది. నల్లవి ట్యాంకులు, తెల్లవి మోటార్లు. ఒక్కో వరుస దాటుతూ, అది చెప్పినట్టే ఒక్కో గుండీ జరిపింది. ఎక్కడా తడబడలేదు.

మాట నేర్పడానికి వచ్చే డాక్టరమ్మ అది చూసి ఆశ్చర్యపోలేదు. "ప్రోగ్రాం చదివేటప్పుడు మెదడులో మాటల భాగం పెద్దగా పనిచెయ్యదండీ. చిక్కుముళ్లు విప్పే భాగం వేరే ఉంది, భారమంతా దానిదే. లెక్కలకీ అది పనికొస్తుంది, కానీ లెక్కల దారీ అచ్చంగా ఇది కాదు," అంది.

కార్యాలయానికి ఈ సంగతి పట్టలేదు. మార్చిన ప్రోగ్రామును పైకి చదివి వినిపించాలని అక్కడి నియమం. ఆమె వల్ల అది కాదు కాబట్టి పాత ఫైళ్ల గదికి మారుస్తామన్నారు. మనిషిని పనికి దూరం చెయ్యడానికి మెదడు శాస్త్రం అక్కర్లేదు, ఖాళీ గడి ఉన్న ఫారం చాలు.

ఆమె గుండీల డబ్బాతో అధికారి గదికి వెళ్లింది. పక్క సీటు అమ్మాయి వెంట వచ్చి, వారం రోజులుగా ఎవరికీ తెగని ప్రోగ్రాం కాగితం బల్ల మీద పెట్టింది. ఒక వీధిలో ట్యాంకు పొంగి పొర్లుతోంది, కారణం దొరకడం లేదు.

ఆమె గుండీలు జరిపింది. పదకొండో వరుస దగ్గర వేలు పెట్టి ఆగింది.

"రెండు ట్యాంకులూ ఒకేసారి నిండితే మోటారు ఆగట్లేదు సార్. అక్క చూపిస్తోంది," అంది అమ్మాయి.

"నువ్వు చెప్పావమ్మా. చెప్పాల్సింది ఆవిడ."

ఆమె గుండీలన్నీ అధికారి వైపు నెట్టింది. కాగితం మొదటి వరుస మీద వేలుతో తట్టింది. ఆయన విసుక్కుంటూనే ఒకటి జరిపాడు, ఇంకోటి జరిపాడు. పదకొండో వరుసకు వచ్చేసరికి ఆయన చెయ్యి గాల్లో నిలిచిపోయింది.

"ఇక్కడ ఆపమని ఎక్కడా లేదే," అన్నాడు.

"అదే," అంది ఆమె.

సోమవారం నియమంలో 'లేదా చేసి చూపించాలి' అన్న ముక్క చేరింది. ఆమె తన కుర్చీలోనే కూర్చుంది. గుండీలు మాత్రం తిరిగి ఇంటికి రాలేదు. దర్జీ ఒక చొక్కాకి రెండు రోజులు ఆలస్యం చెప్పుకోవాల్సి వచ్చింది.