కాలు చూసి ఓటు

మనవరాలి పెళ్లి చీర కోసం శ్రీకాకుళం నుంచి ధర్మవరం వెళ్లాను. నేత నేసే రమణమ్మ ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. ఒకదాని మీద మా చీర, ఇంకో మూరెడు నేస్తే పూర్తవుతుంది. రెండోదాని మీద పనికిరాని నూలు.

“అది లీడర్ల మగ్గమన్నా,” అందామె. “ఎలక్షన్లొస్తే ఫొటోకని మగ్గం కింద గుంతలో కాళ్లుపెట్టి కూచుంటారు. పోయినసారి ఒకాయప్ప పోగులన్నీ తెంపి పాయె. అతికేకి రెండు దినాలు పట్టె. అందుకే వాళ్లకని ఇది పెట్టినా.”

నాకు ఒళ్లు మండింది. బడి మొహం చూడకపోయినా సొంతంగా చదవడం నేర్చుకుని, యాభై ఏళ్లుగా అందరి కరపత్రాలూ చదివాకే ఓటేసినవాణ్ణి. “ఫొటోలు కాదమ్మా, వాళ్ల హామీలు చదవాలి!” అన్నాను.

“చదివితే పోగులు అతుక్కుంటాయా?”

అంతలో డప్పులతో ఒక అభ్యర్థి వచ్చాడు. వెలుతురు బాగుందని ఫొటోగ్రాఫరు అతణ్ణి మా చీర ఉన్న మగ్గం దగ్గరికే తీసుకుపోయాడు. కాలు గుంతలోకి దిగబోతోంది.

“ఓ సామీ! ఆడ కాదు, కాలు ఎనక్కి తీయప్పా!” అని రమణమ్మ అరిచింది.

అనుచరులు గుడ్లురిమారు. అతను మాత్రం చటుక్కున కాలు తీసి, “తప్పయిందక్కా” అంటూ రెండో మగ్గం మీద బుద్ధిగా కూర్చున్నాడు.

వాళ్లు వెళ్లాక రమణమ్మ తేల్చేసింది. “చెప్తే ఇంటాడు. నా ఓటు ఈయప్పకే.”

“ఇదేం పరీక్షమ్మా! ఇంతకీ ఏ పార్టీ?”

ఆమె బిక్కమొహం వేసింది. “కాలే చూస్తాంటినన్నా, కండువా యాడ చూసేది? నువ్వు చూసింటావు కదా?”

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనూ చూడలేదు.