పెద్దతిమ్మప్ప బండి కింద మరక

పెద్దతిమ్మప్ప మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ కోపంలో సగం నా మీదేనని తెలిసినా, అతని పేరు వినగానే ముందు అతన్నే తిట్టుకుంటాను.

పావగడలో నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. పెద్దతిమ్మప్పది రాయచెర్లు. గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టినవాడు. వరసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టి, వేరుశనగ చేలోనే మాడి, గొర్రెలకు మేత కూడా కరువయ్యేసరికి మందంతా అమ్మేసి ఒక పాత పికప్ బండి కొన్నాడు. పంతొమ్మిదివందల ఎనభై ఆరు ఎండల్లో ఊరి బోర్లన్నీ ఎండిపోతే, నాలుగు మైళ్ల అవతల ఒక తోట బోరు నుంచి డ్రమ్ముల్లో నీళ్లు తెచ్చి వీధివీధికీ పోసేవాడు. మంచివాడే. ఆ మంచితనమే కొంప ముంచింది.

బండికి గేర్‌బాక్స్ వెనక నుంచి ఆయిల్ కారేది. మొదటిసారి వచ్చినప్పుడు ఆయిల్‌ని ఆపే రబ్బరు సీలు మార్చాను. నెల తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. మళ్లీ మార్చాను. మూడోసారి ఇరవై రోజులకే వచ్చాడు. అప్పుడు పూర్తిగా విప్పి చూస్తే శాఫ్టే అరిగి గాడి పడి ఉంది. దాని మీద ఎన్ని కొత్త సీళ్లు తొడిగినా అది కొరికి పారేస్తుంది.

"శాఫ్ట్ మార్చల్ల తిమ్మప్పా. బెంగళూరు నుంచి రావల్ల. పదైదు దినాలు బండి ఈడే ఉండల్ల," అన్నాను.

"పదైదు దినాలా? మా ఊరోళ్లు నీళ్లకి యాడికి పోతారు కృష్ణన్నా? వానలు పడనీ, మారుద్దాం. కారేది రొంత ఆయిలే కదా, పోసుకుంటా తిరుగుతా."

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు. అతన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఆ బండికి హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు. గేర్‌బాక్స్ వెనకే, శాఫ్ట్ మీద ఒక డబ్బాలో ఉంటుంది. కారిన ఆయిల్ తిన్నగా దాని పట్టీల మీదే పడుతుంది. జిడ్డు పట్టిన పట్టీ ఏం పట్టుకుంటుంది? పైగా బ్యాటరీ చచ్చిపోయింది. ఇంజన్ ఆపితే మళ్లీ పదిమంది తోయాలి గనక, నీళ్లు పోసినంతసేపూ దాన్ని ఆపకుండా, గేరు తీసేసి, హ్యాండ్‌బ్రేక్ ఒక్కటి లాగి వదిలేసేవాడు. చక్రం కింద రాయి పెట్టకుండా బండి వదలొద్దని వాళ్ల ఇంటి దేవుడి మీద ఒట్టు వేయించుకున్నాను.

వేసవి ముదిరాక షెడ్డుకు రావడం మానేశాడు. ఒకసారి నేనే ఆ దారిన పోతూ వాళ్లింటి దగ్గర ఆగాను. బండి కింద మరక నల్లగా ఉండాలి కదా, లేదు. తేటగా, పసుప్పచ్చగా ఉంది. రెండు కుక్కలు పోటీ పడి దాన్ని నాకుతున్నాయి.

"ఏం పోస్తాండావప్పా దీంట్లో?" అని అరిచాను.

అతని భార్య హనుమక్క లోపలి నుంచి నవ్వుతూ వచ్చింది. "శెనక్కాయ నూనన్నా. మా చేన్లో మాడకుండా దక్కిన గింజలే, గానుగలో ఆడించింది. మాకు తిరగవాతకు లేకపోయినా బండికి తప్పదు. సాయంత్రమైతే వీదంతా వడలు కాల్చిన వాసన. తినేదానికి మాత్రం ఒక్కటీ ఉండదు."

పెద్దతిమ్మప్ప గొప్పగా చూశాడు. "గేర్లు ఎంత మెత్తగా పడతాండాయో తెలుసా? అంగట్లో దొరికేదంతా కల్తీ. ఇది మన నూనె."

"పలచన నూనె ఇంకా బిరీన కారతాది. బ్రేకు సంగతేంది?"

"దానికీ మందు ఉండాది," అని పొయ్యి దగ్గరి బూడిద తట్ట చూపించాడు. రోజూ పొద్దున్నే బండి కిందికి దూరి, హ్యాండ్‌బ్రేక్ డబ్బా సందులోంచి గుప్పెడు బూడిద చల్లుతున్నాడట. జిడ్డు పట్టిన బాణలిని హనుమక్క బూడిదతో తోమితే గరగరలాడడం చూసి పుట్టిన తెలివి అది. లివర్ లాగి, బండిని భుజంతో తోసి చూపించాడు. కదల్లేదు. ఇంత గట్టిగా పట్టాక రాయి ఎందుకని, దాన్ని పెట్టడం మానేసి పది రోజులైందట.

నోటికొచ్చినట్టు తిట్టాను. నూనే బూడిదా కలిసి ముద్దయితే ఏనుగునైనా జారుస్తుందన్నాను. హనుమక్క ముఖంలో నవ్వు పోయింది. "నిజమేనా?" అని మొగుణ్ణి అడిగింది.

"మెకానిక్కులు అట్లే బెదిరిస్తారులే," అన్నాడతను.

నాకు రోషం వచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని సైకిలెక్కి వచ్చేశాను. బండి తాళంచెవి లాక్కుని రావలసింది. ఆ మధ్యాహ్నం నాకు హనుమక్క భయం కంటే నా రోషమే ఎక్కువైంది.

తొమ్మిదో రోజు రాయచెర్లు మనిషి ఒకడు షెడ్డు ముందు నిలబడి, రమ్మని చెయ్యి ఊపాడు.

జరిగింది ఇది. ఏటవాలుగా ఎత్తెక్కే పైవీధిలో బండి ఆపి పెద్దతిమ్మప్ప డ్రమ్ముల మీదికి ఎక్కాడు. వెనక ఆడవాళ్లు బిందెలతో వరస కట్టారు. రోజూలాగే హనుమక్క బండి వెనక ఆనుకుని నిలబడి, పైపు పట్టుకుని ఒక్కొక్క బిందె నింపుతోంది. నాలుగో బిందె దగ్గర బండి వెనక్కి కదిలింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. పెద్దతిమ్మప్ప "జరగండి" అని అరుస్తూ కిందికి దూకేలోపే దొర్లిపోయింది. మిగతావాళ్లు పక్కలకు చెదిరారు. హనుమక్క వెనక రాతిగోడ ఉంది.

నేను వెళ్లేసరికి బండిని ముందుకు లాగి, చక్రాలకు దుంగలు అడ్డం వేశారు. నేను కిందికి దూరి హ్యాండ్‌బ్రేక్ డబ్బా విప్పాను. అప్పుడెందుకు విప్పానో తెలియదు, నా చేతులకు తెలిసిన పని అదొక్కటే. లోపల నల్లటి ముద్ద. వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. బండి కిందే పడుకుని ఏడ్చాను.

శవానికి స్నానం చేయించాలి. ఊళ్లో నీళ్లు లేవు. ఉన్నవల్లా ఆ బండి మీద మిగిలిన డ్రమ్ముల్లోనే. ఆడవాళ్లెవరూ దాని దగ్గరికి పోలేదు. చాలాసేపటికి పెద్దతిమ్మప్ప తల్లి బోరమ్మ లేచింది.

"వేరే నీళ్లు యాడుండాయి? పొయ్యరా," అంది కొడుకుతో.

పెద్దతిమ్మప్ప బండెక్కి డ్రమ్ము వంచాడు. బిందె పట్టుకోవడానికి వెనక ఎవరూ నిలబడలేదు. నేను వెళ్లి పట్టుకున్నాను.