బోర్లా పడుకునే బూట్లు

కొలతల బృందంలో ఆయన ఉద్యోగం టేపు పట్టుకోవడం. అయినా ఆయన్ని టేపు బాబాయి అని ఎవరూ అనరు, బూట్ల బాబాయి అనే అంటారు. కొండల మీదుగా నీటి గొట్టం వేయబోయే దారిని కొలిచే ఏడుగురిలో వయసులో అందరికంటే పెద్ద, హోదాలో అందరికంటే చిన్న. ఆ మాట ఎవరో అనక్కర్లేదు, ఆయనే నవ్వుతూ చెప్పుకుంటాడు.

పొద్దు వాలి గుడారాలు లేచాయంటే చాలు, మిగతా ఆరుగురి బూట్లూ ఆయన ముందుకు రావలసిందే. తాళ్లు వదులుచేసి, నాలుకలు బయటికి లాగి, లోపలి అట్టలు తీసి ఎవరివి వాళ్లకిచ్చి దుప్పట్లో పెట్టుకుని పడుకోమంటాడు. పాత పేపర్లు ఉండలు చుట్టి బూట్లలో కుక్కుతాడు. భోజనాలయ్యాక తడి పీల్చిన ఆ ఉండలు తీసేసి, టార్పాలిన్ కింద మోకాలెత్తు కర్రలు పన్నెండు పాతి, ఒక్కో కర్రకు ఒక్కో బూటును బోర్లా తొడుగుతాడు. మంట దగ్గరికి మాత్రం వాటిని పోనివ్వడు. ఒకసారి వంటమనిషి తొందరపడి తన బూట్లు పొయ్యి పక్కన పెట్టుకుంటే తెల్లారేసరికి ఒకదాని అడుగు ఊడి నోరు తెరుచుకుంది. "ఆకలేసిందేమో, ఏమైనా పెట్టు" అన్నాడు బాబాయి. పొద్దున్నే ప్రతి జతనూ మడమలు కలిపి మూడుసార్లు కొట్టి, దులిపి, ఎవరివి వాళ్ల గుడారం ముందు పెట్టడంతో ఆ పని ముగుస్తుంది.

ఈ పని ఆయనకు ఎవరూ అప్పజెప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో, తెల్లవారి నిద్రకళ్లతో బూటులో కాలు పెట్టాడు. అందులో తేలుంది. చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవైనట్టు, ఆయన బూటు రాత్రికి రాత్రి దానికి ఇల్లయింది. అప్పట్లో టేపు పట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఒక్క మాట తిట్టకుండా, ఈయన్ని వీపున వేసుకుని నాలుగు గంటలు కొండ దిగి ఆసుపత్రికి చేర్చాడు. వారం తర్వాత ఈయన కుంటుకుంటూ శిబిరానికి తిరిగొస్తే, గుడారం ముందు రెండు కర్రలు పాతి ఉన్నాయి. "బూటు నోరు పైకుంటే అడవికంతా సత్రమేరా. బోర్లిస్తే నీ ఒక్కడిదే" అన్నాడట పెద్దాయన. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ వీపు మీది నుంచి చూసిన దారి మాత్రం బాబాయికి ఇప్పటికీ మలుపు మలుపూ గుర్తుంది. అందుకే ఏ శిబిరంలోనైనా ఆయన చేతులు ఊరుకోవు.

అందరికీ ఇన్ని చేసే మనిషి తన బూట్లను గోనెసంచిలో చుట్టి తలకింద పెట్టుకుంటాడు. అందరికంటే ముందు లేస్తాను, నాకు కర్రలెందుకంటాడు. ఇంటికెళ్లాక దిండు మీద నిద్రపట్టకపోతే, "అడవిలో బూట్ల మీద పడుకునే దొరగారికి నా దిండు ఆనుతుందా" అని భార్య ఎత్తిపొడుస్తుంది.

ఆ పన్నెండు కర్రలూ పాత గుర్తుకర్రలే. కొలిచే దారిలో వందడుగులకొకటి పాతి నంబరు రాసే కర్రలు కాస్త వంకరవగానే పక్కన పడేస్తారు. బాబాయి వాటిని ఏరి తెచ్చుకున్నాడు. నంబర్లు మాత్రం చెరపలేదు. రోజూ పొద్దున్నే పీకి కట్టగట్టే కర్రల మీద నంబరుంటే ఎవరికి నష్టం?

నష్టం ఆ వానాకాలంలో వచ్చింది. బృందానికి కొత్తగా ఇంజనీరమ్మ వచ్చింది. బాబాయి కూతురి వయసే. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె వచ్చిన మూడో రోజు శిబిరం సరిగ్గా కొలిచే దారి పక్కనే పడింది. తెల్లారి కుండపోత. ఆ హడావిడిలో బాబాయి బూట్లు తీసి ఇచ్చాడు గానీ, టార్పాలిన్ చివరన ఉన్న ఒక్క కర్రను పీకడం మరిచాడు. దాని మీద నలభై రెండని ఉంది. ఆ రోజు పని మొదలు కావలసింది నలభై రెండో కర్ర నుంచే. అసలు కర్ర ఇంకాస్త అవతల, గడ్డిలో దాక్కుని ఉంది. ఇంజనీరమ్మ కళ్లెదుట కనిపించిన కర్ర దగ్గరే కొలిచే యంత్రం నిలబెట్టింది. తడిసి ముద్దవుతూ రోజంతా కొలిచారు. సాయంత్రం గట్టు మీది హద్దురాయి దగ్గరికి చేరి లెక్క చూస్తే పన్నెండడుగులు తేడా.

వెనక్కి వచ్చి వెతికారు. యంత్రం మోసే కుర్రాడు కర్ర పీకి, పైకొనను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది గుర్తుకర్ర కాదండి. మేజోళ్ల కంపు" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు, ఇద్దరు తప్ప. ఇంజనీరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. బాబాయి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కుట్టిన రోజున కూడా ఆయనకు అంత నొప్పి లేదు.

ఆమె కేకలు వేయలేదు. ఇకమీదట శిబిరంలో నంబరున్న కర్ర ఒక్కటి కూడా పాతొద్దంది. రాత్రికి పై ఆఫీసుకు రిపోర్టు రాస్తానని, పొద్దున మాట్లాడదామని చెప్పి గుడారంలోకి వెళ్లింది. రిపోర్టులో ఒక్క వాక్యం చాలు, రిటైరవడానికి మిగిలిన పదకొండు నెలలూ బాబాయిని పట్నంలో సామాన్ల గదిలో కూర్చోబెట్టడానికి. కొండలు ఎక్కకుండా, ఎవరి బూట్లూ చూసుకోకుండా తాళంచెవుల గుత్తితో ఉద్యోగం ముగించడమంటే ఆయనకు ఊపిరాడలేదు. తప్పు తనది. అది ఇంకా బాధ.

అయినా బూట్లను వదిలెయ్యలేకపోయాడు. కర్రలు లేవు కాబట్టి ఉండలు కుక్కి, బల్లచెక్క మీద వరసగా నిలబెట్టి, ఒక్కో బూటు నోటికి ఒక్కో పొడి మేజోడు తొడిగి పురికొసతో బిగించి కట్టాడు. ఆరు జతలయ్యాయి. ఆ దిగులులో తన జతను బయటే మరిచి, సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. సంచిలో ఏమీ లేదని కూడా తెలియలేదు.

తెల్లారింది. మేజోళ్లు విప్పి, ఆరు జతలూ మూడేసిసార్లు కొట్టి, గుడారాల ముందు పెట్టాడు. లోపల పొడిగా ఉన్నాయి. ఇంజనీరమ్మ బయటికి రావడం చూసి కంగారుగా తన బూటు లాక్కుని, దులపకుండానే కాలు దూర్చాడు. ముప్ఫై నాలుగేళ్లలో మొదటిసారి. లోపల మెత్తగా ఏదో కదిలింది. గావుకేక పెట్టి కాలు బయటికి లాగితే, బూటులోంచి కప్పపిల్ల ఒకటి గెంతి, అందరినీ ఓసారి చూసి, తాపీగా గడ్డిలోకి పోయింది.

నవ్వులు ఆగాక ఇంజనీరమ్మ ఆ బూటు తీసి చూసింది. నీళ్లు కారుతున్నాయి.

"మీ వాటికి మేజోళ్లు కట్టలేదేం బాబాయ్?"

"నావి ఎలాగున్నా ఫర్వాలేదమ్మా. రిపోర్టు వెళ్లిపోయిందా?"

"వెళ్లింది. తప్పు నాదని రాశాను. నంబరు చూశాను గానీ, వెనక కర్ర నుంచి దూరం సరిచూడలేదు. అది నా పని, మీది కాదు."

పెద్దాయన కూడా ఆ రోజు ఇలాగే ఒక్క మాట తిట్టలేదు. బాబాయి తలూపి, టేపు భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఆ రోజు అసలు నలభై రెండు నుంచి మళ్లీ కొలిచారు. హద్దురాయి దగ్గర లెక్క సరిపోయింది. బాబాయి బూట్లు రోజంతా కచక్ కచక్‌మంటూనే ఉన్నాయి. ఆయన మనసు మాత్రం తేలిగ్గా ఉంది.

సాయంత్రం ఇంజనీరమ్మ అందరికంటే ముందే శిబిరానికి వెళ్లిపోయింది. బాబాయి వచ్చేసరికి టార్పాలిన్ కింద కర్రలు పాతి ఉన్నాయి. నంబర్లు గీకేసి, పైనుంచి కింది దాకా ఎర్రరంగు పూసి ఉంది. ఏ ఇంజనీరూ ఇక వాటిని గుర్తుకర్రలనుకోడు. ఆయన అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"రెండు ఎక్కువ పాతారమ్మా."

"లేదు బాబాయ్. ఇన్నాళ్లూ రెండు తక్కువ పాతారు. బూట్లు విప్పండి."

ఆయన బండరాయి మీద కూర్చుని తాళ్ల ముడి విప్పబోయాడు. తడికి బిగుసుకుపోయిన ముడి కళ్లకు ఆనలేదు. వేళ్లతోనే తడుముకుంటూ విప్పాడు.