తోడుకి చదివిన బీఏ

లెక్కలకి భయపడి నేను చేసిన ఘనకార్యం ఒకటి చెబుతాను, వినండి. మామూలుగా భయపడ్డవాళ్ళు తాము మాత్రమే పారిపోతారు. నేనలా కాదు, పక్కింటి పిల్ల చెయ్యి కూడా పట్టుకుని లాక్కుపోయేను. నవ్వొచ్చినచోట నవ్వుకోండి, నేనేమీ అనుకోను. చివరికొచ్చేసరికి మీరే ఆపేస్తారు.

తొంభైల్లో సంగతి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. తాటిపాకలో ఆయిలు, గ్యాసు పనులు చూసిన దగ్గర్నుంచీ మా నాన్నగారికి ఒకటే కల, కూతురు ఇంజనీరై జీపులో తిరగాలని. అందుకని ఇంటర్లో నన్ను ఎంపీసీలో పడేసేరు. లెక్కల పుస్తకం తెరిస్తే నాకు చలిజ్వరం వచ్చేది. రెండేళ్ళూ పక్కింటి సత్యవేణే నన్ను కూచోబెట్టి, బుజ్జగించి, తిట్టి ఒడ్డున పడేసింది. దానికి లెక్కలంటే ఎంత పిచ్చంటే, ఉప్మా చల్లారిపోతున్నా సరే, లెక్క తేలేదాకా లేచేది కాదు. జవాబు వచ్చేక దాని మొహం చూడాలి, తీర్థంలో బెల్లం జీళ్ళు కొనిపెట్టిన చిన్నపిల్ల మొహంలా ఉండేది.

డిగ్రీకి అమలాపురం వెళ్ళాలి. మా ఇళ్ళల్లో ఒక చట్టం ఉండేది. ఆడపిల్ల ఒక్కత్తీ బస్సెక్కకూడదు, తోడుండాలి. వెళ్తే ఇద్దరం, మానితే ఇద్దరం. ఆ కాలేజీలోనేమో బీఏ వాళ్ళకి పొద్దుట, బీఎస్సీ వాళ్ళకి మధ్యాహ్నం క్లాసులు. కాబట్టి ఇద్దరం ఒకే బస్సెక్కాలంటే ఇద్దరం ఒకే చదువు చదవాలి.

"బీఎస్సీ లెక్కలు తీసుకుందామే. నేను చెబుతాగా, ఇంటర్లో చెప్పలేదూ?" అంది సత్యవేణి.

"మళ్ళీ మూడేళ్ళా? నా వల్ల కాదే తల్లీ."

"పోనీ నువ్వు బీఏ తీసుకో, నేను..."

"నువ్వొక్కదానివీ మధ్యాహ్నం బస్సులో వెళ్తానంటే మీ నాన్నగారు పంపుతారా?"

నేను అంతటితో ఊరుకోలేదు. "లెక్కలెక్కడికి పోతాయే? ఇంట్లో కూచుని చేసుకో. కాలేజీలో హాయిగా రాజులూ రాణులూ యుద్ధాలూ వింటాం, అన్నీ కథలే" అన్నాను. కథలు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు ఆ కాలేజీలో కూడా లేరని తరవాత తెలిసింది.

చేరేరోజున కాలేజీ గుమాస్తాగారు సత్యవేణి మార్కులు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమ్మా, లెక్కల్లో ఇన్ని మార్కులు తెచ్చుకుని బీఏ ఏంటమ్మా?"

అది నా వంక చూసింది.

"ఆయ్, బీఏయేనండీ" అన్నాను. ఆయన అడిగింది దాన్ని. జవాబు చెప్పింది నేను.

ఇంకేం, రాజుల కోసం కాచుక్కూచున్నాను. ఓ పొద్దుట ఎకనామిక్స్ మాస్టారొచ్చి, బోర్డు మీద నిలువుగా ఓ గీత, అడ్డంగా ఓ గీత గీసి, ఒకదానికి ఎక్స్ అనీ రెండోదానికి వై అనీ పేర్లు పెట్టేరు.

"ఒసే, వీళ్ళిద్దరూ ఇక్కడికీ వచ్చేరేంటే?" అన్నాను సత్యవేణి చెవిలో.

కాలేజీలో చేరేక అది నవ్వడం అదే మొదలు. గబగబా ఆ బొమ్మ దించుకుంటోంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డం అంటారు చూడండి, నేను పడుతూ పడుతూ పక్కనున్న అట్టుని కూడా లాగేను.

"ముందు ముందు స్టాటిస్టిక్స్ కూడా ఉంటుంది" అన్నారు మాస్టారు. ఇక నా వల్ల కాలేదు. ఓ రోజు తలనొప్పి, ఓ రోజు కడుపునొప్పి. అంతలో అంబాజీపేట నుంచి కొబ్బరి వ్యాపారం చేసేవాళ్ళ సంబంధం వస్తే, పెళ్ళికొడుకుని సరిగ్గా చూడకుండానే ఊఁ అనేసేను. లెక్కలు తప్పించుకోడానికి మూడుముళ్ళు వేయించుకున్న ఆడది కోనసీమ మొత్తమ్మీద నేనొక్కత్తినే అయ్యుంటాను. ఆ ఇంట్లో పొద్దున్న లేస్తే కాయల లెక్కేనని కాపరానికి వెళ్ళేక తెలిసింది.

పెళ్ళికి నాకు పూలజడ వేస్తూ, "మరి నా కాలేజీ?" అనడిగింది సత్యవేణి.

నిజం చెబుతున్నాను, అప్పటిదాకా ఆ మాటే నాకు తట్టలేదు. పెళ్ళయిన మర్నాడు వాళ్ళ నాన్నగారి దగ్గరికి వెళ్ళేను.

"మావయ్యగారూ, దాన్ని కాలేజీ మాన్పించకండి."

"నాకు మాత్రం మాన్పించాలని ఉందా అమ్మా? తోడేదీ మరి? నువ్వెవర్నైనా చూపించు, రేపే పంపిస్తాను" అన్నారాయన. కోప్పడినా బాగుండేది. మర్యాదగా అడిగేరు. నేను కొత్త చీరలు సద్దుకుని అత్తారింటికి వెళ్ళిపోయేను, అది ఇంట్లో ఉండిపోయింది.

ఏళ్ళు గడిచేయి. మా అమ్మాయి లలిత ఆరో క్లాసుకొచ్చేసరికి లెక్కల్లో అచ్చం నా పోలిక. వేసవి సెలవులకి పుట్టింటికి వెళ్తే, "సత్యవేణి దగ్గరికి పంపవే, ఊళ్ళో పిల్లలందరికీ అదే ట్యూషన్ చెబుతోంది" అంది అమ్మ. ఇన్నేళ్ళూ దాన్ని గుమ్మంలోంచి పలకరించడమే కానీ, వాళ్ళింట్లో తిన్నగా కూచున్నది లేదు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళేను.

వసారాలో చాప మీద పిల్లలు, గోడకో నల్లబోర్డు. "రావే" అని నాకు పీట వేసింది. లలితని పక్కన కూచోబెట్టుకుని, బుజ్జగించి, చిన్నగా కసిరి, దానిచేత ఒక లెక్క చేయించింది. జవాబు వచ్చేసరికి పిల్ల కంటే సత్యవేణే ఎక్కువ మురిసిపోయింది. అదే మొహం, జీళ్ళు కొనిపెట్టిన మొహం.

"టీచరుగారూ, మీరేం చదివేరండీ?" అంది లలిత.

"బీఏ అమ్మా. రెండు నెలలు."

"ఇంత బాగా లెక్కలు చెబుతారు కదండీ, బీఏలో ఎందుకు చేరేరండీ?"

సత్యవేణి చేతిలో సుద్దముక్క తిప్పుకుంటూ నవ్వింది.

"మీ అమ్మకి తోడు వెళ్ళేనమ్మా" అంది.

అందులో కోపం లేదు. ఉంటే బతికిపోదును.

కాబట్టి, అయ్యలారా, అమ్మలారా, గోదారి సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవర్నీ ఎక్కడికీ తోడు రమ్మనను. పేరంటానికైనా సరే, ఒక్కదాన్నే వెళ్ళి, ఒక్కదాన్నే బొట్టు పెట్టించుకుని, శనగలు కొంగున కట్టుకుని ఒక్కదాన్నే ఇంటికొస్తున్నాను.