షాద్‌నగర్‌లో లలిత ఎంచుకున్న వీధి

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో మా కర్మాగారాన్ని హైదరాబాద్ ఉత్తరపు అంచు నుంచి షాద్‌నగర్ దగ్గరికి తరలించాలని యాజమాన్యం నిర్ణయించింది. అప్పుడు నేను అక్కడ వెల్ఫేర్ ఆఫీసర్‌ని. తరలి వచ్చే కార్మికుల కుటుంబాలకు షాద్‌నగర్ పరిసరాల్లో ఇళ్లు చూసిపెట్టే పని నాకు అప్పగించారు. వర్షాలు మొదలయ్యేలోగా అందరూ కుదురుకోవాలని ఉత్తర్వు.

వెల్ఫేర్ ఆఫీసర్ అంటే బయటివాళ్లకు పెద్దగా తెలియదు. అయిదు వందలు, ఆపైన కార్మికులున్న కర్మాగారంలో ఈ ఉద్యోగం తప్పనిసరిగా ఉండాలని చట్టం చెబుతుంది. జీతం యాజమాన్యం ఇస్తుంది. కానీ కార్మికుడి మీద విచారణ జరిగితే మేము యాజమాన్యం వైపు కూర్చోకూడదు. క్యాంటీన్‌లో అన్నం ఉడికిందా, ఆడవాళ్లకు విశ్రాంతి గది ఉందా, ఎవరింట్లో జబ్బు ఉంది, ఎవరు పనికి రావడం మానేశారు, ఇవన్నీ మా లెక్కలోకి వస్తాయి. రెండు వైపులవాళ్లకూ మేము తమవాళ్లమే అనిపించాలి. రెండు వైపులా కొంత అనుమానంగానే చూస్తారు.

ప్లాంట్ మేనేజర్ రమణారావు గారు అప్పటికే ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ చూసి వచ్చారు. హైవే పక్కన, చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర కాపలా, లోపల వెడల్పాటి సిమెంటు రోడ్లు, అన్నీ ఒకే తీరు ఇళ్లు. అందరూ ఒకేచోట ఉంటే కంపెనీ బస్సు ఒకే గేటు ముందు ఆగి అందరినీ ఎక్కించుకుంటుంది. షిఫ్టు సమయానికి మనుషులు చేరడమే కర్మాగారానికి ముఖ్యం కాబట్టి ఆయన ఆలోచనలో తప్పు లేదు. నాకూ ఆ చోటు నచ్చింది. ఇరుకు బస్తీల్లో ఉన్నవాళ్లకు అంత గాలీ వెలుతురూ దొరకడం మంచిదే అనుకున్నాను.

బదిలీ ఉత్తర్వులు పంచిన వారంలోనే నర్సింలు నా గదికి వచ్చి, పని మానేస్తానన్నాడు. అతను టూల్‌రూంలో ఫిట్టర్. మాది ప్లాస్టిక్ సీసాలూ మూతలూ తయారుచేసే సంస్థ. వాటి అచ్చులు అరిగితే, పగిలితే బాగుచేసే విభాగం టూల్‌రూం. నర్సింలుది మహబూబ్‌నగర్ వైపు పల్లె. పెళ్లికి ముందు నుంచీ మా దగ్గరే పనిచేస్తున్నాడు. నలభై అయిదు దాటిన ఫిట్టర్‌ని కొత్తగా ఎవరూ తీసుకోరని అతనికీ తెలుసు.

కారణం అడిగితే, "మా ఇంటామెకు కండ్లు కనవడవు మేడం," అన్నాడు. "చిన్నప్పుడే పొయినయి. గీ బస్తీల అన్నీ ఆమెకు ఎరికె. దుకాణానికి పోతది, బిడ్డను బడికాడ దింపి వస్తది. ఎవ్వరు చెయ్యి పట్టేది లేదు. కొత్త జాగల ఏం జేస్తది? ఇంట్ల కూసోవెట్టి తాళమేసి పోవాలె నేను."

ఆమె ఏమంటోందని అడిగాను. ఇంకా చెప్పలేదన్నాడు. ఎట్ల చెప్పాలో తెలియక మూడు రోజులుగా నిద్రపోలేదట. తొందరపడి ఏమీ రాసివ్వొద్దని చెప్పి, సాయంత్రం అతనితోపాటు వాళ్లింటికి వెళ్లాను.

అతని భార్య పేరు లలిత. ముప్పై అయిదు, నలభై మధ్య ఉంటుంది. మేము వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అడుగుల చప్పుడుకే, "ఎవర్నో తోల్కొచ్చినవ్," అంది భర్తతో. నేనెవరో చెప్పి, విషయం వివరించాను. చేతిలో పని ఆపకుండా అంతా విన్నది. తర్వాత భర్త ఉన్న వైపు తిరిగింది.

"నేనెప్పుడన్న రానన్ననా? అడిగితె గదా చెప్పేది. నౌకరి ఇడిసిపెడితె ఏం తింటం?"

"నీకు కష్టమైతదని..."

"కష్టమైతదో లేదో జాగ చూసినంక నేను చెప్త."

'చూసినంక' అని ఆమే అంది. నేను ఆ మాట దగ్గర కొంచెం తడబడ్డాను గానీ ఆమెకు ఆ పట్టింపు లేదు.

ఆ ఆదివారం కంపెనీ జీపులో ముగ్గురం బయల్దేరాం. మొదట వెంచర్‌కే తీసుకెళ్లాను. ఇల్లు లోపల లలితకు నచ్చింది. వంటగదిలో గట్టు ఎత్తు చూసుకుంది, నల్లా తిప్పి చూసింది, కిటికీ ఎటువైపుందో అడిగింది. తర్వాత, తానొక్కతే గేటు దాకా వెళ్లి వస్తానంది. మడతపెట్టిన తెల్లకర్ర సంచిలోంచి తీసి బయల్దేరింది. మమ్మల్ని మాట్లాడొద్దంది.

నేను అప్పటిదాకా గమనించని సంగతులు ఆమె వెనక నడుస్తుంటే ఒక్కొక్కటిగా కనబడ్డాయి. రోడ్డు మరీ వెడల్పు. కర్ర ఎటు చాపినా తగలడానికి అంచు లేదు. ఇళ్ల ముందు అరుగుల్లేవు, మాట్లాడే మనుషుల్లేరు. గాలి మాత్రం హోరుమంటోంది. మొదటి మలుపు దగ్గరే ఆమె దారి తప్పి, ఇల్లు కట్టని ఖాళీ స్థలంలోకి వెళ్లింది. కంపచెట్టు కర్రకు తగలగానే ఆగిపోయింది. నర్సింలు పరుగెత్తబోతే చేయి పట్టుకుని ఆపాను. ఆమె రెండు వైపులా తల తిప్పి విన్నది. వెనక్కి వచ్చే ప్రయత్నం చేసి, ఇంకో ఖాళీ స్థలంలోకి వెళ్లింది. అప్పుడు తనే పిలిచింది.

"గీడ సప్పుడే లేదు మేడం. అంతా ఒక్కతీర్గున్నది. నేను ఏ ఇంటి ముంగట నిలవడ్డనో నాకెట్ల ఎరికైతది?"

ఆమె ముఖంలో భయం కనబడింది. వెంటనే దాన్ని దాచుకుంది కూడా. జీపెక్కాక నర్సింలు, తాను ముందే చెప్పానన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తిరిగి వెళ్లేలోగా ఇంకో చోటు చూద్దామని నేనే అన్నాను. డ్రైవర్‌ను పాత ఊరి బజారు వైపు పోనిమ్మన్నాను.

అది కూరగాయల మార్కెట్ వెనక సన్నని వీధి. ఇళ్లన్నీ గోడకు గోడ ఆనించి ఉంటాయి. ఒకవైపు మురుగునీటి మోరి. జీపు లోపలికి పోదు. నా లెక్క ప్రకారం అది కుటుంబాలకు సిఫారసు చేయదగ్గ చోటు కాదు. లలిత దిగీ దిగగానే ముఖం పైకెత్తింది. కర్రను మోరి అంచు వెంట జరుపుతూ మెల్లగా నడిచింది. ఒకచోట ఆగి ఘాటు వాసన పీల్చి, "గిది మిర్చి దుకాణం," అంది. ఇంకోచోట సుత్తి చప్పుడు విని, ఇక్కడ కమ్మరి ఉన్నాడా అని అడిగింది. వీధి చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి, మా ముందే ఆగింది. అడుగులు లెక్కపెట్టుకుంటావా అని అడిగాను. నవ్వింది.

"లెక్కవెట్టుకుంట పోతె మనుషుల్తోని మాట్లాడేదెప్పుడు?"

వీధి నచ్చింది గానీ ఇల్లు దొరకాలి. ఖాళీగా ఉన్న మొదటి ఇంటి యజమానురాలు లలితను పైనుంచి కిందికి చూసి, నాతో పక్కకు వచ్చి చెప్పింది. గ్యాస్ పొయ్యి, మంట, ఏమన్నా అయితే తామే జవాబు చెప్పుకోవాలి అని. ఆమె గొంతు తగ్గించిందనే అనుకుంది. లలితకు వినబడింది. నర్సింలుకు కోపం వచ్చింది. లలిత అతని చొక్కా పట్టి లాగి, "నడు, ఇంకోటి చూద్దాం," అంది.

రెండోది అండాలమ్మ ఇల్లు. ఆమె యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఇంటి ముందు గదిలో పిండి గిర్ని తనే నడుపుతోంది. ఆ చప్పుడుకూ, ఎగిరే పిండికీ వెనక పోర్షన్లో ఎవరూ నిలవడం లేదట. మేము వెళ్లినప్పుడు జొన్నలు పడుతోంది. గిర్ని ఆపి మా మాట విన్నది. ఆవిడకూ అనుమానం లేకపోలేదు.

"వంట నువ్వే జేస్తవా?" అని నేరుగా లలితనే అడిగింది.

"నేనే జేస్త. నీకు గిన అనుమానముంటె నాలుగొద్దులు మా ఇంట్లనే తిను."

అండాలమ్మ నవ్వలేదు. "గిర్ని సప్పుడుకు తలకాయ నొస్తది మల్ల. ముందుగాల్నే జెప్తున్న."

"బంద్ జేస్తెనే నాకు పరేషాను," అంది లలిత. "గా సప్పుడు పట్టుకోని ఇల్లు చేరుకుంట."

అలా ఇల్లు కుదిరింది. కానీ చిక్కు తీరలేదు. కంపెనీ బస్సు వెంచర్ గేటు నుంచి కర్మాగారానికి తప్ప వేరే దారిలో పోదు. అక్కడి నుంచి పాత ఊరు దూరం. రాత్రి షిఫ్టు ఉన్న వారం నర్సింలు ఎట్లా వస్తాడు, ఎట్లా పోతాడు? రమణారావు గారికి నోట్ పెట్టాను. ఒక్క కుటుంబం కోసం దారి మార్చడం కుదరదని ఆయన మర్యాదగానే చెప్పారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. అయితే ఒక్కటి అడిగాను. మిగిలిన కుటుంబాల ఆడవాళ్లకు రెండు చోట్లూ చూపించాకే దారి ఖాయం చేయమన్నాను. అందుకు ఒప్పుకున్నారు.

తర్వాతి ఆదివారాలు అదే పని. బస్సులో ఆడవాళ్లను తీసుకెళ్లి ముందు వెంచర్, ఆ తర్వాత పాత ఊరు చూపించాను. నేను ఏదీ మెచ్చుకోలేదు. కొందరికి వెంచర్ నచ్చింది. ఒకావిడ బస్తీలో నీళ్ల నల్లా దగ్గర రోజూ తగాదాలు పడి విసిగిపోయి ఉంది. తన ఇంటికి తన నల్లా ఉంటే చాలంది. సగానికి పైగా పాత ఊరే అన్నారు. ఒకరికి బడి, ఒకరికి దవాఖాన, ఇంకొకరికి మొగుడు డ్యూటీకి పోయాక పలకరించే మనిషి. కారణాలు వేర్వేరు. బస్సు పాత బస్టాండు మీదుగా తిరిగి వెళ్లేలా రమణారావు గారు ఉత్తర్వు ఇచ్చారు. షిఫ్టు వేళ కొంచెం ముందుకు జరపాల్సి వచ్చింది. దానికి ఆయన పైవాళ్లతో మాటలు పడ్డారు. ఆ సంగతి నాకు చాలాకాలం తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. వర్షాకాలం మధ్యలో ఆ వీధిలో నీటి పైపుల కోసం తవ్వి, మట్టి పక్కన పోసి వదిలేశారు. లలిత కూతురిని బడిలో దింపి తిరిగి వస్తూ ఆ గుంతలో పడింది. ఎడమ చేతి మణికట్టు విరిగింది. కర్మాగారం బయట జరిగిన సంగతి కాబట్టి నా విధుల్లోకి రాదు. అయినా కబురు అందగానే వెళ్లాను.

లలిత మంచం మీద కూర్చుని ఉంది. చేతికి కట్టు. నర్సింలు నా కోసమే కాచుకుని ఉన్నట్టు, వెంచర్‌లో ఇల్లు ఇంకా ఖాళీగా ఉందా అని అడిగాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేనే ఒప్పుకోవద్దుండె మేడం. ఆమె మొండిది. ఇంకా లోతుంటె ఏమవుతుండె?"

ఆ వీధిని ఖాయం చేయించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆమె ఎముక విరిగిన మాట నిజం. అతని భయం కూడా నిజం.

లలితే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"పడ్డది నేను. చెయ్యి నాది. ఆడికి పోతె పడ. ఎందుకంటె గడప దాటనే దాట. నువ్వు డ్యూటీకాడ నిమ్మళంగ ఉంటవు. నేను గోడలు తడుముకుంట కూసుంట. గట్లనా?"

నర్సింలు లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. అండాలమ్మ చేతులకు పిండితోనే లోపలికి వచ్చి లలిత ముందు కంచం పెట్టింది. కట్టు ఉన్నన్నాళ్లూ ఆమే వండి పెట్టిందని తర్వాత తెలిసింది. తిరిగి వెళ్లేటప్పుడు నేను ఆ గుంత దగ్గర ఆగాను. ఎవరో పాత తలుపుచెక్కలు అడ్డం పెట్టి, రాళ్లు పేర్చారు. నేను పురపాలక కార్యాలయానికి వెళ్లి మాట్లాడాను. వాళ్లు పూడ్చడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో, లలిత వీధిలో అడుగుపెడితే, కూరగాయలు అమ్మే ఆవిడ కూర్చున్నచోటి నుంచే, "కుడిపక్కకు రా లలితా, గీడ తవ్విండ్రు," అని కేకేసేదట. నర్సింలు వెంచర్ మాట మళ్లీ ఎత్తలేదు. ఒప్పుకున్నాడని చెప్పలేను. మరుసటి ఏడాది వానలు మొదలవగానే, డ్యూటీకి వెళ్లే ముందు వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకసారి నడిచి చూసుకుని వెళ్లడం అలవాటు చేసుకున్నాడు.

ఆ తర్వాత పదవీ విరమణ వరకు నేను ఇంకా చాలా కుటుంబాలను కొత్త చోట్లలో కుదిర్చాను. వచ్చే ఉద్యోగి అక్కడ పడుకుని లేస్తాడు. పగలంతా ఉండేది మరొకరు. అందుకని ఇల్లు చూడటానికి ఉద్యోగిని ఒక్కడినే ఎప్పుడూ తీసుకెళ్లలేదు. పగలు అక్కడ గడపబోయే మనిషిని కూడా జీపు ఎక్కించుకున్నాను. వాళ్లను వీధిలో దింపి, వాళ్లు నడిచినంతసేపూ ఏమీ మాట్లాడకుండా వెనక నడిచాను. వాళ్లు ఎంచుకున్న చోటు నాకు నచ్చకపోతే ఆ మాట ఒక్కసారే చెప్పి, ఆ ఇంటి కాగితం మీదే సంతకం పెట్టాను.